మూడో మనిషి అభిప్రాయం

ఫోను మళ్ళీ వణికింది. గోడవారగా స్టూలు మీద కూర్చున్న భార్య ఒళ్ళోని చేతిసంచిలో, తువ్వాలు కిందో మందుల కవరు కిందో, కాసేపు గిలగిలా కొట్టుకుని ఊరుకుంది. ఆయన తల ఎత్తబోయి, ఎత్తకూడదని గుర్తొచ్చి మళ్ళీ దిండుకి ఆన్చాడు. కుడి మోకాలి చుట్టూ రబ్బరు బిళ్ళలు అంటించి, వాటికి తీగలు తగిలించి, పైన వేడిసంచి పెట్టి, దాని మీద వెడల్పాటి పట్టీ బిగించి, "కదలకండి అంకుల్, కదిలితే మళ్ళీ మొదట్నుంచీ పెట్టాలి, ఫోను మిషను దగ్గర వద్దు, ఆంటీకి ఇచ్చేయండి" అని చెప్పి ఫిజియో అమ్మాయి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. కాలుగాలిన పిల్లిలా తిరగడానికైనా ముందు కాలు ఖాళీగా ఉండాలి కదా. మోకాలి చుట్టూ కరెంటు చీమలు పాకినట్టు పాకుతోంది, ఆగుతోంది, మళ్ళీ పాకుతోంది. ఇవాళ మధ్యాహ్నంలోపు తేలుస్తామన్నారు. తేల్చేసే ఉంటారు, ఆ వణుకు అదే. లేదా వియ్యంకుడు రోజూ పంపే పువ్వుల బొమ్మ అయి ఉండాలి. కాదు, వియ్యంకుడి పువ్వు ఒక్కసారి మోగి ఊరుకుంటుంది, ఇది ఆగి మళ్ళీ మోగింది, అలా మోగేది ఆ విజ్ఞాన సర్వస్వం వాళ్ళదే. లేచి కూర్చుని సంచి లాక్కుందామంటే తీగలు. ఇలా తెమ్మని అడుగుదామంటే ఆవిడ ఇచ్చే ముందు తప్పకుండా ఓసారి చూస్తుంది, చూస్తే అడుగుతుంది, అడిగితే ఏం చెప్పాలి?

అసలీ మంట పెట్టిందే వియ్యంకుడు. అమ్మాయి పెళ్ళయిన కొత్తలో, భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ ఫోను పైకెత్తి, "బావగారూ, మీరింత ప్రముఖులని మాతో ఒక్క మాటైనా అనలేదే! ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో మీ మీద ఏకంగా పేజీ ఉంది" అన్నాడు. ఎవరు పడితే వాళ్ళు రాయగలిగే, ఎవరు పడితే వాళ్ళు దిద్దగలిగే ఆ సర్వస్వంలో తన పేరుందని ఆయనకు అంతవరకూ తెలియదు. తెలియనివాడిలా ముఖం పెట్టి, ఆ ఏదో అభిమానంలెండి అని నీళ్ళు తాగాడు. అందరూ వంగి చదివారు. పేజీ అంటే పేజీ కూడా కాదు. ఫుట్‌బాల్ రిఫరీ, ఫలానా సంవత్సరం పుట్టాడు, ఆ వెంటనే ఒక బారెడు పేరా, ఆ ఫైనల్, ఆ వాన, గీత దాటి లోపల పడిన బంతిని గోలు కాదన్నాడు, అందువల్ల ఒక జట్టు కప్పు పోగొట్టుకుంది, మర్నాడు పత్రికల్లో ఆయన ఫొటో వచ్చింది, ఆ తర్వాత కొన్నాళ్ళకు విరమించుకున్నాడు. అంతే. వియ్యంకుడి గొంతు సగంలోనే సన్నబడింది. "కూర భలేగా కుదిరింది చెల్లెమ్మా" అని ఆయన భార్య వైపు తిరిగాడు పాపం. మోకాలి గుజ్జు అరిగిపోయేదాకా ఎండలో వానలో పరుగెత్తిన మనిషికి మిగిలింది ఆ పేరా. ఆ పేరాలో ఆయన పరుగెత్తనైనా పరుగెత్తడు, బురదలో అలా నిలబడి ఉంటాడు, ఎవరు ఎప్పుడు తెరిచినా అక్కడే, అదే వానలో.

పక్క మంచానికి అవతల, భుజం పట్టేసిన ఒకాయన గోడకున్న కప్పీ తాడు పట్టుకుని చెయ్యి పైకి లాగుతున్నాడు. సగందాకా వెళ్ళి, అబ్బా అని దించేస్తున్నాడు. మళ్ళీ సగందాకా. ఎత్తితే ఎత్తు, దించితే దించు, ఏదో ఒకటి తేల్చవయ్యా మహానుభావా! లైన్స్‌మన్ జెండా సగంలో ఆగితే ఎంత నరకమో మీకెవరికీ తెలియదు. ఆ రోజు లైన్స్‌మన్ జెండా సగందాకా కూడా లేవలేదు. పొడుగు కాళ్ళ మనిషి, అందరూ కొంగ అనేవారు, గీత వెంట పరుగెడుతూ జర్రున జారి, జెండాతో సహా బురదలో బోర్లా పడ్డాడు. సరిగ్గా అప్పుడే బంతి అడ్డకర్రకు కింద తగిలి నేలకు దిగింది. ఆయన ఎక్కడున్నాడు? మైదానం మధ్యలో ఇద్దరు చొక్కాలు పట్టుకుంటే విడదీస్తున్నాడు. తల తిప్పేసరికి గోలు కాసే గోలీ బంతిని పొట్ట కింద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. బంతి లోపల పడిందో, గీత మీద పడిందో, ఆయన చూడలేదు. చూడనిది ఇవ్వకూడదు. ఈ పనిలోకి వచ్చిన మొదటి రోజు నేర్పేది అదే, చివరి రోజుదాకా పట్టుకోవాల్సిందీ అదే. ఇవ్వలేదు. ఆట సాగించండి అని చెయ్యి ఊపాడు. అంతవరకూ లోకానికి చెప్పుకోవచ్చు, ఎవరైనా అడిగితే. ఎవరూ అడగలేదు. పత్రికల వాళ్ళు ఫొటో వేసుకున్నారు, ఆయన మాట ఎవరికీ అక్కరలేకపోయింది.

అయితే బంతిని చూడలేదు గానీ గోలీ ముఖం చూశాడు. దొంగతనంగా డబ్బాలో చెయ్యి పెట్టిన పిల్లాడు అమ్మ అడుగుల చప్పుడు విన్నప్పటి ముఖం. ఒక్క క్షణం. ఆ తర్వాత గోలీ లేచి అందరిలాగే చేతులూపుతూ అరవడం మొదలెట్టాడు. ఆ క్షణంలో ఆయనకు తెలిసిపోయింది. తెలియడం వేరు, చూడడం వేరు కదా. ముఖం చూసి గోలు ఇస్తారా? ఇస్తే రేపు ఎవడి ముఖం ఎలా ఉంటే అలా విజిల్ ఊదాలి. న్యాయంగా చేశాడు, రూలు ప్రకారం చేశాడు, మరి ఇన్నేళ్ళూ స్నానం చేస్తుంటే, బస్సులో కూర్చుంటే, అమ్మాయి పెళ్ళిలో నిలబడి అందరికీ నవ్వుతూ నమస్కారాలు పెడుతుంటే ఆ గోలీ ముఖం ఎందుకు ఎదురొస్తుంది? కరెంటు మళ్ళీ పాకింది. పై కప్పులో తెల్ల పలకలు, ఒక పలక మూల కొంచెం కిందికి దిగి ఉంది, అది ఎప్పుడో ఒకరోజు ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది, చెప్పాలి ఆ అమ్మాయికి.

ఆ భోజనాలైన వారంలోనే ఆయన ఖాతా తెరిచాడు. పేరేం పెట్టుకోవాలో తోచక తలుపు వెనక అరలోకి చూస్తే బూట్లు కనబడ్డాయి. ఫైనల్ మర్నాడు భార్య బురద కడిగి, ఆరబెట్టి, రంగు పూసి అక్కడ పెట్టింది, మళ్ళీ ఎప్పుడైనా వేసుకుంటారేమో అన్నట్టు. వాడుకరి పేరు: నల్లబూట్లు. ఆ పేరాని మొత్తంగా ఎత్తేశాడు. ఎంత హాయి! పంటిలో ఇరుక్కున్న పీచు వచ్చేసినట్టు. మర్నాటికల్లా తూర్పు గ్యాలరీ అనే పేరుగల ఎవరో చర్చ పేజీలో మర్యాదగా అడిగారు: "నల్లబూట్లు గారూ, పేరా ఎందుకు తీశారో చెప్తారా? ఒక మాట ముందే చెప్పాలి, ఆ రోజు నేను తూర్పు గ్యాలరీలో ఉన్నాను, ఓడిపోయిన జట్టు మాది, కాబట్టి ఇందులో నాకూ పక్షపాతం ఉండవచ్చు. అందుకే నేను పేజీని ముట్టుకోను, ఇక్కడ అడుగుతాను, మీరందరూ చూసి చెప్పండి." చదివి ఆయనకు ఒళ్ళు మండింది. ఆ రోజు మైదానంలోకి సీసాలు విసిరిన గ్యాలరీ అది! ఇన్నేళ్ళకి మర్యాద నేర్చుకుని వచ్చిందన్నమాట. ఏమి రాశాడో ఇప్పుడు తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. ఒక గొప్ప రిఫరీని అల్లరిపెడుతున్నారన్నాడు, ఆయన నిజాయితీ అందరికీ తెలుసన్నాడు, చూడనిది ఇవ్వకపోవడమే ధర్మమన్నాడు. తూర్పు గ్యాలరీ మళ్ళీ నిదానంగానే రాశారు: "ఆయన చూడలేదని ఎక్కడైనా చెప్పారా? ఆధారం చూపిస్తే సంతోషంగా అదీ చేరుద్దాం. ఆయన వైపు మాట కూడా ఉండాలి కదా." ఆధారం! ఆధారం ఇక్కడ మంచం మీద పడుకుని ఉంది, మోకాలికి తీగలు పెట్టించుకుని. కానీ తన తలలో ఉన్నది ఆధారం కాదు, అచ్చయితేనే ఆధారం. అది కూడా ఆయనకు బాగా తెలిసిన రూలులాగే ఉంది. చూడనిది ఇవ్వకూడదు.

"ఏవండీ, చలిగా ఉందా? కాలు వణుకుతోంది."

"అది మిషనే. నువ్వు కంగారు పడకు."

"కంగారు నాకా! మీ ఫోనుకి. పొద్దుట్నుంచీ ఒకటే గోల, ఎవరండీ?"

"ఎవరో ఒకరు. బ్యాంకు వాళ్ళయి ఉంటారు."

బ్యాంకు వాళ్ళు అనగానే ఆవిడ సంచి మూసేసి మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆవలించింది. ఎంత తేలిగ్గా నమ్మింది. ఫైనల్ తర్వాత ఇంటికి ఫోన్లు వచ్చేవి. ఎత్తితే మాట ఉండదు, అవతలినుంచి విజిల్ ఊదేవారు, చెవి చిల్లుపడేలా. ఈవిడ ఎత్తేది, ఊదినంతసేపూ రిసీవరు కాస్త దూరంగా పట్టుకుని, అయ్యాక "రాంగ్ నంబరండీ" అని పెట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోయేది. అన్ని రోజుల్లో ఒక్కసారి, ఒక్కసారైనా, ఇంతకీ అది గోలేనా అని అడగలేదు. అడిగుంటే ఎంత బాగుండేది. అడగనందుకు ఎంత బతికిపోయాడు. రెండూ నిజమే.

చర్చ ముదిరింది. నిర్వాహకురాలు, అంటే ఆ సర్వస్వంలో తగువులు తీర్చే మనిషి, వచ్చి నియమం వినిపించింది. దాని పేరు ప్రయోజనాల వైరుధ్యం. తన గురించిన పేజీని, తనవాళ్ళ గురించిన పేజీని ఎవరూ తామే దిద్దకూడదు, చెప్పుకునేది ఉంటే చర్చ పేజీలో, తామెవరో చెప్పి మరీ చెప్పుకోవాలి. నల్లబూట్లు గారికి ఈ రిఫరీతో ఏమైనా సంబంధం ఉందా? ఆయన ఆ ప్రశ్నని చూస్తూ కూర్చుని, "లేదు" అని కొట్టాడు. రెండే అక్షరాలు. వేలు వణకలేదు కూడా. ఎవరు చెప్పాలి ఆయనకా నియమం! అక్క కొడుకు ఆడే జట్టు మ్యాచ్ వస్తే విజిల్ తీసి బల్ల మీద పెట్టి, నాకీ ఆట వద్దు, వేరేవాళ్ళకి ఇవ్వండి అని నడిచి వెళ్ళిపోయిన మనిషి ఆయన. ఒకసారి వేరేవాళ్ళు దొరకలేదు, తప్పనిసరై దిగాడు, దిగి మేనల్లుడికే ఎర్ర కార్డు చూపించాడు. "మేనమామవా, కంసుడివా?" అంటూ అక్క గుమ్మంలోనే నిలబెట్టి దులిపేసింది, ఏడాదిపాటు మాటల్లేవు. ఆ కార్డు న్యాయమైనదేనని మేనల్లుడే చెప్పినా వినలేదు. అంత కచ్చితంగా బతికిన మనిషి, ముసలితనంలో, తన ఆటకి తానే రిఫరీగా దిగి, తనకి తానే ఎవరో తెలియదని చెప్పాడు. సిగ్గుగా లేదూ? సిగ్గుగానే ఉంది. ఉన్నా ఆ పేరా అక్కడ ఉండకూడదు, అంతే. రేపు అమ్మాయికి పిల్లలు పుడతారు, చదువు నేర్చుకుంటారు, తాతయ్య పేరు కొట్టి చూస్తారు.

తర్వాత చేసింది ఇంకా అన్యాయం. ఈ ఇద్దరితోనూ సంబంధం లేని మూడో మనిషి ఎవరైనా రెండు వాదనలూ చదివి అభిప్రాయం చెప్పగలరా అని నిర్వాహకురాలు అడిగింది. రోజులు గడిచాయి, ఎవరూ రాలేదు. ఎవరికి పట్టింది, ఎప్పటిదో ఫైనలు, ఎవరో రిఫరీ. అప్పుడు వచ్చింది ఆలోచన. మూడో మనిషి తానే ఎందుకు కాకూడదు? ఒక సాయంత్రం భార్య కూరగాయలకి వెళ్ళగానే కొత్త ఖాతా తెరిచాడు, పేరు పక్కింటాయన. నల్లబూట్లు చెప్పిందే సబబు అని ఒక్క వాక్యం కొట్టి బయటపడదామనుకున్నాడు. కానీ మూడో మనిషి కదా, రెండు వైపులా చదివినట్టు కనపడాలి కదా, అని మొదట్నుంచీ చదవడం మొదలెట్టాడు. అక్కడే దెబ్బ తిన్నాడు. చదువుతుంటే వెన్ను దానంతట అదే నిటారుగా అయింది. అటెవరు, ఇటెవరు అన్నది జారిపోయింది. ఎవరి దగ్గర ఏముంది, ఎవరు ఏం దాస్తున్నారు, ఎవరు ఊరికే అరుస్తున్నారు, అంతే చూస్తున్నాడు. మైదానంలో అరిచేవాడంటే ఆయనకు ఎప్పుడూ అనుమానమే, చెప్పేదేమీ లేనివాడే అంత అరుస్తాడు. ఈ నల్లబూట్లు ఎవడో గాని మహా అరుస్తున్నాడు. చేతులు వాటంతట అవే రాశాయి: "ఇద్దరి మాటా చదివాను. తూర్పు గ్యాలరీ తామెవరో ముందే చెప్పుకున్నారు, పత్రికలు చూపించారు, పేజీ మీద చెయ్యి వెయ్యలేదు. నల్లబూట్లు కోపం చూపించారు గాని ఆధారం చూపించలేదు. పేరా ఉండాలి. రిఫరీ మిగతా ఆటల గురించి కూడా ఆధారాలు వెతికి నాలుగు మాటలు చేర్చితే బాగుంటుంది." ప్రచురించు అన్న బొత్తాం నొక్కాడు. ఆహా, ఎంత నిబ్బరంగా ఉంది ప్రాణం! చాలా ఏళ్ళ తర్వాత ఒక మంచి ఆట నడిపించి డ్రెస్సింగ్ రూముకి వచ్చినట్టు. కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. భార్య సంచీ మోసుకుంటూ వచ్చి, "ఏంటివాళ, ముఖం వెలిగిపోతోంది?" అంది. అప్పుడు గుర్తొచ్చింది. తను ఏం చేశాడు? తన మీదే విజిల్ ఊదేశాడు!

అప్పట్నుంచీ ముళ్ళమీదే ఉన్నాడు. తుడిపేద్దామని చూస్తే తుడిపినట్టు కూడా ఆ పేజీ చరిత్రలో ఉండిపోతుంది. మూడో ఖాతా తెరిచి పక్కింటాయన మీద విరుచుకుపడదామా అనుకున్నాడు, అదీ అనుకున్నాడు, దేవుడి సాక్షిగా. ఎదురింటాయన అని పేరు కూడా తట్టింది. మళ్ళీ ఆ ఎదురింటాయన కూడా చదవడం మొదలెడితే? ఒకే మనిషిలో ఇంతమంది కాపురం ఉంటున్నారని, వాళ్ళలో ఒక్కడైనా తన మాట వినడని ఆయనకు ఇన్నేళ్ళూ తెలియలేదు. చెయ్యి సగానికి ఎత్తిన భుజం మనిషి ఈసారి పళ్ళు బిగించి ఇంకాస్త పైకి లాగాడు. ఫిజియో అమ్మాయి "అదీ! అదీ!" అని చప్పట్లు కొట్టింది. ఫోను మళ్ళీ వణికింది, ఆగింది, వణికింది.

"ఈ బ్యాంకు వాళ్ళని ఇవాళ దులిపేస్తాను" అంటూ భార్య సంచి తెరిచింది. ఆయన చెయ్యి చాపాడు, అందలేదు. "నువ్వు ముట్టుకోకు, నేను చూసుకుంటా" అన్నాడు. గొంతు ఎందుకో అరుపులా వచ్చింది. అరుపు వినగానే ఆవిడ ఆయన ముఖం చూసింది. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయింది కాబట్టి ఫోను చెయ్యి పొడుగునా దూరంగా పట్టుకుని, ఒక్కో మాటే కూడబలుక్కుంటూ, పక్క మంచం వాళ్ళకి కూడా వినబడేలా చదవడం మొదలుపెట్టింది.

"పక్కింటాయన గారికి నమస్కారం. చర్చ ముగిసింది, మీరు చెప్పినట్టే పేరా మళ్ళీ పెడుతున్నారు. రిఫరీ గారి మిగతా ఆటల గురించి పాత పత్రికలు వెతికి రాసే పని నేను తీసుకున్నాను. గెలిచానని ఇది రాయడం లేదు. ఆ రోజు నేను మా నాన్న భుజాల మీద కూర్చుని చూశాను. ఆయన తర్వాత మళ్ళీ మైదానానికి రాలేదు. ఓడిపోయినందుకు కాదు, మా మాట వినేవాళ్ళే లేకపోయారని. మీరు ఇద్దరి మాటా విన్నారు. ఆ రోజు విజిల్ మీలాంటి మనిషి చేతిలో ఉండి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. ఇట్లు, తూర్పు గ్యాలరీ."

భుజం మనిషి తాడు వదిలేశాడు. కప్పీ కిర్రుమని ఒకసారి తిరిగి ఆగింది. భార్య ఇంకా ఫోను దూరంగా పట్టుకునే ఉంది. "పక్కింటాయన ఎవరండీ? మన పక్కింటాయనకి ఫోను ఎత్తడమే సరిగ్గా రాదుగా" అంది.

"నేనే."

"మరి ఈ పైన నల్లబూట్లు అని ఉంది?"

"అదీ నేనే."

ఆవిడ ఫోను దించింది. బూట్లు కడిగి అరలో పెట్టిన చేతులు, రిసీవరు దూరంగా పట్టుకున్న చేతులు. మంచం దగ్గరికి స్టూలు జరుపుకుని, ఇన్నేళ్ళూ అడగనిది, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"ఇంతకీ అది గోలేనా?"

"నేను చూళ్ళేదు" అన్నాడు. చీమలు పాకుతున్నాయి, ఆగాయి. "చూళ్ళేదు గానీ, గోలే. నాకు తెలుసు."

ఆవిడ ఆయన చెయ్యి తీసుకుని అందులో ఫోను పెట్టి, వేళ్ళు మూసింది. మిషను గంట కొట్టింది, ఫిజియో అమ్మాయి వచ్చి పట్టీ విప్పుతూ, "ఇక కదలొచ్చు అంకుల్" అంది. ఆయన కదలలేదు. పడుకున్నవాడు పడుకున్నట్టే ఫోను ముఖానికి ఎదురుగా పట్టుకుని, తూర్పు గ్యాలరీ రాసినదాని కింద ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టడం మొదలుపెట్టాడు. నల్లబూట్లు నేనే, పక్కింటాయనా నేనే, అడిగినప్పుడు సంబంధం లేదని అబద్ధం చెప్పాను, నిర్వాహకురాలు ఈ రెండు ఖాతాలూ మూసేయాలి, అదే న్యాయం. పేరా అలాగే ఉండనివ్వండి. ఇంతవరకూ కొట్టి ఆగాడు. ఆ పిల్లవాడికి, తండ్రి భుజాల మీద తడుస్తూ కూర్చున్నవాడికి, ఇంకొక్క వాక్యం బాకీ ఉంది. అదీ కొట్టి, మళ్ళీ చదవకుండానే బొత్తాం నొక్కాడు.

"ఆ రోజు విజిల్ నా చేతిలోనే ఉందండీ."